కిడ్నీ నిలవాలి, బూజు పోవాలి

1969లో స్విట్జర్లాండ్‌కు చెందిన శాండోజ్ కంపెనీ ఉద్యోగి ఒకరు సెలవులకు నార్వే వెళ్లి, హార్డాంగర్‌విడ్డా పీఠభూమి నుంచి కాస్త మట్టి పట్టుకొచ్చారు. ఆ రోజుల్లో ఆ కంపెనీలో అదొక ఆనవాయితీ. ఉద్యోగులు ఏ దేశం వెళ్లినా అక్కడి మట్టి చిన్న సంచిలో తెచ్చి ప్రయోగశాలకు ఇచ్చేవాళ్లు. అందులో ఏ సూక్ష్మజీవి ఉందో, అది మందుకేమైనా పనికొస్తుందో లోపలి వాళ్లు చూసేవాళ్లు. నార్వే మట్టిలో ఒక శిలీంధ్రం దొరికింది. దాని నుంచి తీసిన పదార్థాన్ని మొదట బూజులను చంపుతుందేమోనని పరీక్షించారు. ఏవో కొద్ది రకాల మీద తప్ప పని చేయలేదు. అక్కడితో దాని కథ ముగిసిపోవాల్సింది. కానీ 1972లో చేసిన ఇంకో పరీక్షలో, కణాలను చంపకుండానే ఒంటి రోగనిరోధక శక్తిని అణచగలదని తేలింది. అదే సైక్లోస్పోరిన్. 1978లో కేంబ్రిడ్జ్‌లో రాయ్ కాన్ దాన్ని కిడ్నీ మార్పిడి రోగులకు ఇచ్చారు. 1983లో అమెరికా అనుమతి వచ్చింది. అప్పటిదాకా తడబడుతూ నడిచిన అవయవ మార్పిడి ఆ తర్వాత పరుగందుకుంది.

ఇంచుమించు ఇలాంటి కథే సిరోలిమస్‌ది. ఈస్టర్ ద్వీపం నుంచి 1960లలో కెనడా బృందం తెచ్చిన మట్టిలో దాన్ని కనిపెట్టింది మాంట్రియల్‌లోని ఏయర్స్ట్ కంపెనీ. భారత సంతతికి చెందిన సురేన్ సెహగల్ ఆ పనికి నాయకుడు. ఆయన కూడా మొదట వెతికింది శిలీంధ్రాలను అణచే మందు కోసమే. కంపెనీ మాంట్రియల్ ప్రయోగశాలను మూసేసినప్పుడు, ఆ సూక్ష్మజీవి ఉన్న సీసాలను ఇంటికి పట్టుకుపోయి ఫ్రీజర్‌లో దాచారాయన. 1999లో అది కిడ్నీ మార్పిడి మందుగా అనుమతి పొందింది.

బూజును చంపడానికి వెతికిన పదార్థాలే చివరికి మనిషి ఒంట్లో బూజుకు దారి ఇచ్చాయి. పరాయి అవయవాన్ని ఒళ్లు ఒప్పుకోవాలంటే కాపలా తగ్గించాలి. కాపలా తగ్గితే గాలిలో తిరిగే బీజం లోపల వేళ్లూనుతుంది. మార్పిడి వైద్యంలో ఈ చిక్కుముడి అన్నిటికంటే గట్టిగా బిగుసుకున్న చోట్లలో ముక్కు చుట్టూ ఉండే సైనస్ గదులు ఒకటి. అక్కడ చికిత్స ఎలా రూపుదిద్దుకుందో చూస్తే, డెబ్బై ఏళ్లుగా వైద్యులు ఒకే ప్రశ్నతో కుస్తీ పడుతున్నారని అర్థమవుతుంది. అవయవాన్ని ఎంతవరకు కాపాడాలి, ఎక్కడ వదులుకోవాలి?

రొట్టెను తేమలో వదిలేస్తే నల్ల చుక్కలతో బూడిద రంగు నూగు పడుతుంది. అది రైజోపస్. మ్యూకర్ కుటుంబపు బూజుల్లో మనుషులకు ఎక్కువగా సోకేది ఇదే. పేడకుప్పలు, కుళ్లిన ఆకులు, తడిసిన గోడలు, పాత కట్టడాలు కూల్చినప్పుడు లేచే దుమ్ము, ఇవన్నీ దాని ఇళ్లే. బీజాలను అందరూ రోజూ పీలుస్తారు. తెల్ల రక్తకణాలు వాటిని మొలకెత్తనివ్వవు. మార్పిడి చేయించుకున్న మనిషిలో ఈ కాపలా రెండు వైపుల నుంచి సడలుతుంది. అవయవం నిలవడానికి ఇచ్చే స్టెరాయిడ్ ఆ కణాల పనిని మందగింపజేస్తుంది, రక్తంలో చక్కెరనూ పెంచుతుంది. అంతకుముందు షుగర్ లేనివాళ్లకు కూడా మార్పిడి తర్వాత కొత్తగా రావడం మామూలే. మరో అణచివేత మందు టాక్రోలిమస్ కూడా చక్కెరను పెంచేదే.

మొలకెత్తిన బూజు రక్తనాళాల గోడల్లోకి చొచ్చుకుపోతుంది. నాళం మూసుకుపోతుంది, ఆ మేర కండ చచ్చి నల్లబడుతుంది. మొదట్లో ముక్కు దిబ్బడ, తలనొప్పి, బుగ్గ మీద తిమ్మిరి. తర్వాత కంటి కింద వాపు, పై వరస పళ్లు కదలడం, అంగిట్లో నల్ల మచ్చ. సైనస్‌కూ కంటిగూటికీ మధ్య ఉండే ఎముక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. కంటి వెనక నుంచి మెదడుకు దారి ఇంకా దగ్గర. ఎండోస్కోపు పెట్టి చూసే ఈఎన్‌టీ డాక్టరు ముక్కు లోపలి మడతలను సన్నని పరికరంతో తాకుతారు. మామూలు మనిషైతే ఉలిక్కిపడాలి, చుక్క రక్తమైనా రావాలి. రోగి కదలడు, రక్తం రాదు. నొప్పి లేకపోవడమే అక్కడ అన్నిటికంటే చెడ్డ కబురు.

ఈ జబ్బు మార్పిడి శస్త్రచికిత్స కంటే పాతది. 1885లో ఆస్ట్రియా రోగనిర్ధారణ నిపుణుడు ఆర్నల్డ్ పాల్టౌఫ్, ఒంటి నిండా పాకిన మ్యూకర్ జబ్బుతో చనిపోయిన మనిషి గురించి బొమ్మలతో సహా రాశారు. 1943లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి పత్రికలో ముగ్గురు మధుమేహ రోగుల వివరాలు వచ్చాయి. ముగ్గురికీ బూజు ముఖం నుంచి కంటికి, మెదడుకు పాకింది. ముగ్గురూ చనిపోయారు. మ్యూకర్ సోకి బతికి బయటపడిన తొలి రోగి గురించి వైద్య పత్రికల్లో వచ్చింది 1955లో. అంటే జబ్బును గుర్తించాక ఒక మనిషి బతికాడని రాసుకోవడానికి డెబ్బై ఏళ్లు పట్టింది.

దానికి ఏడాది ముందు, 1954 డిసెంబరు 23న, బోస్టన్‌లో జోసెఫ్ మరే రోనాల్డ్ హెరిక్ కిడ్నీని అతని కవల సోదరుడు రిచర్డ్‌కు అమర్చారు. ఇద్దరూ ఒకే అండం నుంచి పుట్టిన కవలలు. కాబట్టి ఏ అణచివేత మందూ అవసరం పడలేదు. కవలలు కానివాళ్ల సంగతేమిటన్న ప్రశ్న దగ్గర కథ మలుపు తిరిగింది. 1962 నాటికి అజాథయోప్రిన్ వచ్చింది. దాన్ని తయారు చేసింది జార్జ్ హిచింగ్స్, గెర్ట్రూడ్ ఎలియన్ల బృందం. ఈ హిచింగ్స్ హార్వర్డ్‌లో పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో అదే ప్రయోగశాలలో పని చేస్తున్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. సుబ్బారావు ఆ తర్వాత చేరిన లెడర్లీ సంస్థలో శిలీంధ్ర శాస్త్రవేత్త క్లిఫర్డ్ హెసెల్టీన్ 1953లో ఒక కొత్త బూజు ప్రజాతికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. హెసెల్టీన్ ప్రత్యేకంగా చదివింది మ్యూకర్ కుటుంబాన్నే.

అజాథయోప్రిన్‌కు పెద్ద మోతాదు స్టెరాయిడ్ జత చేస్తే కిడ్నీ నిలుస్తుందని 1963లో డెన్వర్‌లో థామస్ స్టార్జ్ల్ చూపించారు. ప్రపంచమంతా ఆ దారి పట్టింది. కిడ్నీలు నిలిచాయి, కానీ మనుషులు వేరే కారణాలతో పోతున్నారు. 1967లో అదే డెన్వర్ బృందానికి చెందిన డేవిడ్ రిఫ్కిండ్, ఆయన సహచరులు మార్పిడి తర్వాత చనిపోయినవాళ్ల శవపరీక్షలు తిరగేసి, లోపల లోతుగా పాతుకున్న శిలీంధ్ర జబ్బులు ఎంత మామూలో బయటపెట్టారు. బతికుండగా చాలామందిలో వాటిని ఎవరూ పసిగట్టలేదు. తమ సొంత విజయం వెనక ఏం జరుగుతోందో తామే తవ్వి రాయడం చిన్న విషయం కాదు. ఆ రంగంలో అంతకంటే నిజాయితీ ఉన్న పని మరొకటి కనపడదు.

అప్పటికి చేతిలో ఉన్న మందు ఒక్కటే, ఆంఫోటెరిసిన్ బి. అదీ మట్టి బిడ్డే. వెనిజులాలో ఓరినోకో నది ప్రాంతపు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి 1950ల మధ్యలో స్క్విబ్ కంపెనీ శాస్త్రవేత్తలు దాన్ని వేరు చేశారు. బూజు కణపు పొరలో ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు ఉంటుంది. ఈ మందు దానికి అతుక్కుని పొరను తూట్లు పొడుస్తుంది. మన కణాల్లోని కొలెస్ట్రాల్ దానికి దగ్గర చుట్టం కాబట్టి ఆ దెబ్బ కొంత మనకూ తగులుతుంది. అన్నిటికంటే ఎక్కువగా కిడ్నీకి.

ఈ మందు ఎక్కించడం నర్సులకు ఒక పరీక్ష. నీళ్లలో కరగదు కాబట్టి పిత్త లవణంతో కలిపి పసుపుపచ్చ పొడిగా వచ్చేది. సెలైన్‌లో కలిపితే విరిగిపోతుంది. అందుకని ఐదు శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి. ముందు ఒక మిల్లీగ్రాము ఎక్కించి ఒళ్లు ఎలా తీసుకుంటుందో చూసి, తర్వాత నాలుగు నుంచి ఆరు గంటల పాటు నెమ్మదిగా ఎక్కించేవాళ్లు. మొదలైన కాసేపటికే మంచం కదిలిపోయేంత వణుకు, వెంటనే జ్వరం. మందుకు ముందో సెలైన్ సీసా ఎక్కిస్తే కిడ్నీకి కాస్త రక్షణ అని తర్వాత తెలిసింది. పొటాషియం పడిపోతుంది, మెగ్నీషియం పడిపోతుంది, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరుగుతుంది. రోజూ రక్తం తీసి చూడాల్సిందే.

మధుమేహ రోగికి ఇది కష్టమైన మందు. కిడ్నీ మార్పిడి రోగికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. తల్లో అన్నో ఇచ్చిన ఒక్క కిడ్నీ ఉంది, దాన్ని నిలబెట్టడానికే ఇన్ని మందులు. ఇప్పుడు ప్రాణం నిలబెట్టే మందు అదే కిడ్నీని దెబ్బ తీస్తుంది. సైక్లోస్పోరిన్ కూడా కిడ్నీకి బరువే కాబట్టి, 1980ల నుంచి ఈ రెండూ ఒకే ఒంట్లో కలిశాక క్రియాటినిన్ అంకె చూసి కళ్లు తేలేయని నెఫ్రాలజిస్టు ఉండడు.

దారి దొరికింది కొవ్వు బుడగల్లో. 1960లలో ఇంగ్లండ్‌లో అలెక్ బాంగమ్ గుర్తించిన లైపోసోములు అంటే నీటిలో తమంతట తామే గుండ్రంగా మూసుకుపోయే కొవ్వు పొరలు. ఆంఫోటెరిసిన్‌ను వాటిలో ఇమిడిస్తే కిడ్నీ మీద దెబ్బ తగ్గుతుంది, మోతాదు పెంచవచ్చు. అలా తయారైన ఆంబిసోమ్ 1990లో ఐరోపాలో, 1997లో అమెరికాలో అందుబాటులోకి వచ్చింది. దాని ధర మాత్రం మన ఆసుపత్రులకు అందలేదు. ఇక్కడే బిమల్ కుమార్ బచావత్‌ను తలచుకోవాలి. ఒకప్పుడు వేలూరు సీఎంసీలో మెదడు రసాయనాల మీద ప్రయోగశాల నడిపిన ఈ జీవరసాయన శాస్త్రవేత్త తర్వాత ఢిల్లీ విశ్వవిద్యాలయంలో లైపోసోముల పని చేపట్టారు. ముంబయి కేఈఎం ఆసుపత్రి వైద్యులు రోగుల మీద పరీక్షలు జరిపారు. అలా దేశీయంగా తయారైన లైపోసోమల్ మందు ఫంగిసోమ్ పేరుతో బజారులోకి వచ్చింది. దిగుమతి సరుకు కోసం ఎదురుచూడకుండా మన దేశపు రోగికి అందేలా ఒక మందు తయారు కావడం గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేరా అయినా ఉండాలి.

అయినా ఖర్చు ఎంతో ఒక లెక్క చెబుతుంది. ఒక వయల్‌లో ఉండేది 50 మిల్లీగ్రాములు. మ్యూకర్‌కు కిలో బరువుకు కనీసం 5 మిల్లీగ్రాములు కావాలి. అరవై కిలోల మనిషికి రోజుకు ఆరు వయల్స్. బూజు మెదడు దాకా వెళ్తే మోతాదు రెట్టింపు, అంటే పన్నెండు. రోజుకు ఆరే అనుకున్నా నాలుగు వారాలకు 168 వయల్స్. ఏళ్ల తరబడి డయాలసిస్‌కు, ఆ పైన మార్పిడికి అప్పటికే పొలమో ఇల్లో అమ్ముకున్న కుటుంబం ఆ చీటీ పట్టుకుని మందుల షాపు ముందు నిలబడితే పరిస్థితి ఏమిటో చెప్పనక్కర్లేదు.

మన దేశంలో కిడ్నీ మార్పిడి తొలిసారి విజయవంతమైంది 1971లో, వేలూరు సీఎంసీలో. పెద్ద జబ్బంటే వేలూరు బండెక్కే చిత్తూరు, కడప జిల్లాలవాళ్లకు ఆ ఊరు కొత్త కాదు. తర్వాతి రెండు దశాబ్దాల్లో చండీగఢ్ పీజీఐ, అహ్మదాబాద్, ముంబయి, చెన్నై, హైదరాబాద్ కేంద్రాలు లేచాయి. వాటితో పాటే ఒక కఠినమైన నిజమూ బయటపడింది. అమెరికా, ఐరోపాల్లో మార్పిడి రోగులకు వచ్చే బూజుల్లో ఆస్పెర్జిల్లస్ అనే రకానిదే పెద్ద వాటా. 2001 నుంచి 2006 దాకా 23 అమెరికా కేంద్రాల్లో సాగిన ట్రాన్స్‌నెట్ పరిశీలనలో బూజు కాని ఈస్ట్ రకం కాండిడా అన్నిటికంటే ఎక్కువగా, దాని తర్వాత ఆస్పెర్జిల్లస్ తేలాయి. మ్యూకర్ వాటా చాలా చిన్నది. మన దగ్గర మ్యూకర్‌ను అలా పక్కకు నెట్టడానికి లేదు. వేడి, తేమ, మట్టి, అన్నిటికీ మించి అదుపు తప్పిన మధుమేహం అందుకు కారణాలు.

చండీగఢ్‌లో కిర్పాల్ సింగ్ చుగ్ నిర్మించిన నెఫ్రాలజీ విభాగం, అరుణలోక్ చక్రవర్తి నడిపిన శిలీంధ్ర ప్రయోగశాల కలిసి దీని మీద కళ్లు తెరిపించాయి. 1990లలో పదేళ్ల కాలంలో తమ ఒక్క ఆసుపత్రిలో 129 మ్యూకర్ కేసులు చూశామని చక్రవర్తి బృందం 2001లో రాసింది. తర్వాతి ఐదేళ్లకే ఆ లెక్క 178. మన నేలలోని బూజులను గుర్తించిన శాస్త్రవేత్తలూ మనకున్నారు. మధ్యప్రదేశ్ సాగర్ అడవి మట్టి నుంచి ఎస్.బి. సక్సేనా 1953లో ఒక కొత్త ప్రజాతిని వర్ణించారు. ఉత్తర భారతంలోని ఒక మామిడితోట మట్టి నుంచి 1979లో వేరే శాస్త్రవేత్తలు మరో ప్రజాతిని, అపోఫైసోమైసిస్‌ను, వర్ణించారు. వాళ్లు రాసేటప్పటికి అవి వృక్షశాస్త్రం పత్రికల్లో మాత్రమే కనిపించే పేర్లు. ఈ రోజు ఆసుపత్రి ల్యాబు రిపోర్టుల్లో కనిపిస్తున్నాయి.

ఈ చరిత్రలో మందులు ఎదురు తిరిగిన సందర్భాలు రెండున్నాయి. మొదటిది 1980లలో. అప్పట్లో డయాలసిస్ రోగుల ఒంట్లో నీటి ద్వారా, కొన్ని మాత్రల ద్వారా అల్యూమినియం పేరుకునేది. ఎరిత్రోపోయెటిన్ ఇంజెక్షన్ ఇంకా రాలేదు కాబట్టి మాటిమాటికీ రక్తం ఎక్కించడం వల్ల ఇనుమూ పేరుకునేది. వాటిని బయటికి లాగడానికి డిఫెరాక్సమిన్ ఇచ్చారు. తర్వాత మ్యూకర్ కేసులు వరసపెట్టి వచ్చాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. బెల్జియం వైద్యుడు యోహాన్ బులార్ట్ ఈ కేసులను కూడగట్టి కారణం తవ్వారు. డిఫెరాక్సమిన్ ఇనుమును పట్టుకుని రోగి నుంచి దూరంగా తీసుకెళ్తుంది, నిజమే. కానీ రైజోపస్‌కు ఆ ఇనుమును దాని నుంచి లాక్కునే విద్య తెలుసు. మందు బూజుకు మేతను మోసుకెళ్లి ఇచ్చినట్టయింది.

ఆ పాఠం నుంచి ఒక ఆశ పుట్టింది. బూజు లాక్కోలేని డిఫెరాసిరాక్స్‌తో ఇనుమును దాచేస్తే అది ఆకలితో చస్తుందని. ఎలుకల్లో బాగా పని చేసింది. 2012లో ప్రచురించిన చిన్న పరీక్షలో ఇరవై మంది రోగుల మీద చూస్తే, ఆ మందు తీసుకున్నవాళ్లలోనే మరణాలు ఎక్కువ. ఆశ అక్కడితో ఆగిపోయింది.

రెండో సందర్భం వోరికొనజోల్‌ది. 2002లో వచ్చిన ఈ మందు ఆస్పెర్జిల్లస్ చికిత్సను మార్చేసింది. ఆ ఏడాది వెలువడిన పెద్ద పరీక్షలో పన్నెండు వారాల తర్వాత వోరికొనజోల్ తీసుకున్నవాళ్లలో 70.8 శాతం, ఆంఫోటెరిసిన్ తీసుకున్నవాళ్లలో 57.9 శాతం బతికున్నారు. కిడ్నీని కొట్టని మందు, మాత్రగా కూడా దొరికే మందు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అయితే అది మ్యూకర్ మీద పని చేయదు. నివారణకని వోరికొనజోల్ వాడుతున్న రోగుల్లోనే మ్యూకర్ బయటపడటం కొద్ది ఏళ్లలోనే కనిపించింది. మార్పిడి రోగుల్లో మ్యూకర్ ముప్పు కారణాలను వెతికిన నీనా సింగ్ బృందం 2009లో ఈ మందును, మధుమేహాన్ని, కిడ్నీ వైఫల్యాన్ని ఆ జాబితాలో చేర్చింది. అదే పరిశీలనలో టాక్రోలిమస్ వాడుతున్నవాళ్లకు ముప్పు తక్కువగా కనిపించింది. జపాన్‌లోని సుకుబా కొండ దగ్గరి మట్టి నుంచి వచ్చిన ఆ మందుకు కూడా బూజులను కొంత అణచే గుణం ఉంది మరి.

అందుకే ల్యాబులో స్లైడు కింద ఏం కనిపించింది అన్నది ప్రాణం మీది మాట. ముక్కులోంచి తీసిన ముక్కను కేఓహెచ్ ద్రావణంలో వేస్తే కాసేపటికి మనిషి కణాలు కరిగి బూజు పోగులు తేలతాయి. వెడల్పుగా, రిబ్బనులా మడతలు పడి, అడ్డుగోడలు లేకుండా, ఇంచుమించు లంబకోణంలో కొమ్మలు చాస్తే మ్యూకర్. సన్నగా, అడ్డుగోడలతో, నలభై ఐదు డిగ్రీల కోణంలో చీలితే ఆస్పెర్జిల్లస్ వైపు మొగ్గు. కల్చర్‌లో పెరగడానికి రోజులు పడతాయి, మ్యూకర్ చాలాసార్లు అసలు పెరగనే పెరగదు. రక్త క్యాన్సర్ రోగుల్లో ఆరు రోజులో అంతకంటే ఎక్కువో ఆలస్యంగా ఆంఫోటెరిసిన్ అందుకున్నవాళ్లలో మరణాలు ఇంచుమించు రెట్టింపని 2008లో అమెరికా పరిశోధకులు చూపించారు. ఫోన్ చేసి ల్యాబు నుంచి స్లైడు కబురు ఆ సాయంత్రమే తెప్పించుకునే డాక్టరు చేతిలో రోగికి కలిసొచ్చేది ఆ రోజులే.

మందు ఎంత మంచిదైనా రక్తనాళం మూసుకుపోయిన కండలోకి చేరదు. కాబట్టి కత్తి తప్పదు. 1890లలో న్యూయార్క్‌లో జార్జ్ కాల్డ్వెల్, పారిస్‌లో ఆన్రీ లూక్ పై పెదవి కింద కోసి బుగ్గ సైనస్‌లోకి దిగే దారి వేశారు. ముక్కు పక్కన చీల్చి ముఖమే తెరిచే పద్ధతి మరొకటి. బూజు కంటిగూట్లో చేరితే కన్ను మొత్తం తీసేయడమే. బతికినవాళ్లు ముఖం సగం పోగొట్టుకుని బతికారు. హెరాల్డ్ హాప్కిన్స్ గాజుకడ్డీల దుర్భిణి, దాన్ని తయారు చేసిన కార్ల్ స్టోర్జ్, ఆ దుర్భిణితో సైనస్ దారులను ఏళ్ల తరబడి గమనించిన ఆస్ట్రియా గ్రాజ్ వైద్యుడు వాల్టర్ మెసర్‌క్లింగర్, ఈ ముగ్గురి పనితో 1980ల నుంచి ముక్కు రంధ్రంలోంచే లోపలికి వెళ్లడం సాధ్యమైంది.

ఆపరేషన్ బల్ల దగ్గర సూత్రం మాత్రం పాతదే. చచ్చిన కండను తీస్తూ పోవాలి, ఎర్రగా రక్తం చిమ్మే చోట ఆగాలి. సందేహం ఉన్న అంచు నుంచి చిన్న ముక్క పక్క గదిలోని పాథాలజీకి వెళ్తుంది, గడ్డకట్టించి కోసి చూసి అక్కడ పోగులు ఉన్నాయో లేవో కాసేపట్లో చెబుతారు. మార్పిడి రోగులకు రక్తస్రావం ముప్పు, మత్తు ముప్పు ఎక్కువ. అయినా రెండు రోజులకోసారి మళ్లీ లోపల చూడటం, కొత్తగా నల్లబడిన దాన్ని మళ్లీ తీయడం తప్పదు. 1885 నుంచి ప్రచురితమైన 929 కేసులను 2005లో కూడగట్టి చూస్తే, ఏ చికిత్సా లేనివాళ్లలో బతికింది 3 శాతమే. కత్తి ఒక్కటే అయితే 57 శాతం. మందూ కత్తీ రెండూ కలిస్తే 70 శాతం.

ఇక మూడో పని అందరికంటే నెఫ్రాలజిస్టుకు కష్టమైనది. అణచివేత మందులు తగ్గించాలి. 1981లో బోస్టన్ వైద్యుడు రాబర్ట్ రూబిన్, మార్పిడి తర్వాత ఏ నెలలో ఏ ఇన్ఫెక్షన్ వస్తుందో ఒక కాలపట్టిక గీశారు. మొదటి నెల, ఆరు నెలల దాకా, ఆ తర్వాత. మందుల మోతాదు ఒక్కటే చూడకూడదని, రోగి తిండి, చక్కెర, వైరస్‌లు, గొట్టాలు, అన్నీ కలిపి మొత్తం అణచివేతను తూచాలని ఆయన నేర్పారు. నేటి వార్డుల్లో దాన్నే పాటిస్తున్నారు. అజాథయోప్రిన్ లేదా మైకోఫినోలేట్ ముందు ఆపేస్తారు. టాక్రోలిమస్ తగ్గిస్తారు. స్టెరాయిడ్ కనిష్ఠానికి తెస్తారు, ఒంట్లో స్టెరాయిడ్ లేక కూలిపోకుండా కొంత ఉంచుతారు. కిడ్నీ పోతుందా? పోవచ్చు. డయాలసిస్ ఉంది. కానీ మార్పిడి కిడ్నీతోనే ఆగలేదు. హైదరాబాద్‌లో 2004లో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే గుండె మార్పిడి చేసి తెలుగునాట ఆ అధ్యాయం తెరిచారు. 2013లో ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ మొదలయ్యాక మరణించినవారి నుంచి గుండెలు, కాలేయాలు, ఊపిరితిత్తులు అందడం పెరిగింది. ఆ రోగుల్లో ఈ లెక్క కుదరదు. గుండెకు డయాలసిస్ అంత తేలికగా దొరికే ఆసరా లేదు. అక్కడ మందు ఎంత తగ్గించాలన్నది గంటగంటకూ తేల్చుకోవాల్సిన బేరం.

2021 మే నెలలో ఈ ఆసుపత్రి గదుల పరిభాష ఒక్కసారిగా వీధుల్లోకి వచ్చింది. కోవిడ్ రెండో అల, చేతికొచ్చినట్టు వాడిన స్టెరాయిడ్లు, మధుమేహం కలిసి దేశంలో జులై మధ్య నాటికి 45 వేలకు పైగా మ్యూకర్ కేసులు తెచ్చాయి. తెలంగాణ దాన్ని తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుగా ప్రకటించింది. హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ప్రధాన కేంద్రమైంది. ఆంధ్రప్రదేశ్ ఈ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. ఆంఫోటెరిసిన్ దొరక్క కుటుంబాలు ఊళ్లకు ఊళ్లు తిరిగాయి. కేంద్రం రాష్ట్రాలకు వాటాలు వేసి పంచింది. తయారీ పెంచడానికి అనుమతి ఇచ్చిన ఐదు కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఒకటి. జూన్‌లో ఆ మందు మీద జీఎస్టీ ఎత్తేశారు. అప్పుడు కోఠిలో రోజంతా ఎండోస్కోపు పట్టుకున్న వైద్యుల చేతికి వచ్చిన అనుభవం ప్రపంచంలో చాలా కొద్దిమందికే ఉంటుంది. అప్పటికే ఈ జబ్బును చూస్తూ వస్తున్న మార్పిడి విభాగాల వాళ్లకు మాత్రం అదంతా తెలిసిన ముఖమే. వాళ్ల రోగులకు అదే మందు, అదే కొరత, పైగా నిలబెట్టుకోవాల్సిన అవయవం ఒకటి.

బతికిన రోగికి మిగిలే పని దంతవైద్యుల చేతుల్లో ఉంటుంది. అంగిలి తీసేసిన నోట్లో తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి, మాట ముక్కుతో పలుకుతుంది. ఆ ఖాళీని మూసే పలక ఆలోచన పదహారో శతాబ్దపు ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోజ్ పారే నాటిది. ఇప్పుడు ఆపరేషన్ రోజునే ఒక తాత్కాలిక అక్రిలిక్ పలక బిగిస్తారు. వాపు తగ్గాక కొలతలు తీసి మరొకటి, పుండు పూర్తిగా మానిన నెలల తర్వాత పళ్లతో సహా అసలుది. దాంతో రోగి అన్నం నమిలి తినగలడు, ఫోన్లో మాట్లాడితే అవతలివాళ్లకు అర్థమవుతుంది.

ఇంటికి వెళ్లేటప్పుడు సంచిలో పోసకొనజోల్ లేదా ఇసావుకొనజోల్ మాత్రలు ఉంటాయి. ఈ మందుల్లో మొదటిది 2006లో, రెండోది 2015లో అమెరికాలో అనుమతి పొందాయి. మ్యూకర్ మీద పని చేసే మాత్రలు ఇవే. పోసకొనజోల్ కాలేయంలో టాక్రోలిమస్ కరిగే దారిని అడ్డుకుంటుంది కాబట్టి, మాత్ర మొదలైన రోజే టాక్రోలిమస్ మోతాదును మూడో వంతుకు తగ్గించి, రక్తంలో లెవెల్ మాటిమాటికీ చూస్తారు. నెలల తర్వాత ఆ మాత్ర ఆపినప్పుడు అదే లెక్కను తిరగేసి మోతాదు పెంచుతూ, మళ్లీ అన్నిసార్లూ రక్తం తీస్తారు. కిడ్నీ వదులుకుని డయాలసిస్‌కు వెళ్లినవాళ్లలో కొందరికి, స్కానుల్లో జబ్బు జాడ లేదని తేలాక, రెండో కిడ్నీ అమర్చారు. ఆ ఆపరేషన్‌కు ముందు నెఫ్రాలజిస్టుతో పాటు ఈఎన్‌టీ డాక్టరు కూడా సంతకం పెట్టాలి, ముక్కులోకి మరోసారి ఎండోస్కోపు దించి చూసిన తర్వాతే.